ఏ చేతుల మీదుగా

నాణెం మీద రాజు పేరుంటుంది, టంకశాల గుర్తుంటుంది, సంవత్సరం ఉంటుంది, విలువ ఉంటుంది. అంత చిన్న బిళ్ల మీద ఇన్ని సంగతులు పట్టించినవాళ్లు ఒక్కదానికి మాత్రం చోటివ్వలేదు: అది ఎవరెవరి చేతులు మారి మన ఇంటికి చేరిందో. తాత పోయినాక ఆయన గల్లాపెట్టె నాకు వచ్చింది. అప్పటినుంచీ నన్ను పట్టుకున్నది ఈ ప్రశ్నే. నాణెం ఏమిటో చెప్పడానికి పుస్తకాలున్నాయి, మ్యూజియాలున్నాయి, తెలిసిన పెద్దలున్నారు. అది మనకెట్లా వచ్చిందో చెప్పడానికి ఇంట్లోవాళ్లు తప్ప మరెవరూ లేరు. ఆ ఇంట్లోవాళ్లు ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోతున్నారు.

తాతది హొళగుంద. పని ఆదోనిలో, ఒక పత్తి మండీలో గుమాస్తా. చిట్టా, ఆవర్జా రాయడం, రైతుకు తక్‌పట్టీ కట్టివ్వడం, సాయంత్రం గల్లా లెక్క అప్పజెప్పడం ఆయన బతుకు. నాణేల శాస్త్రం ఆయనకు తెలియదు. సేకరణ అనే మాట కూడా ఆయన నోట నేను విన్లేదు. చేతిలోకి వచ్చిన చిల్లరలో ఏదైనా వింతగా కనబడితే, తన జేబులోంచి దానికి సరిపడా డబ్బు గల్లాలో వేసి, దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. మండీ మూతపడ్డప్పుడు షావుకారు ఆ పాత గల్లాపెట్టెను ఆయనకే ఇచ్చేశాడు. కాణీలకు, బేడలకు, పావలాలకు వేరువేరు అరలున్న టేకు పెట్టె అది.

ఆ అరల్లో నాణేలు విడిగా లేవు. ఒక్కోదాన్నీ పాత తక్‌పట్టీ కాగితంలో పొట్లం కట్టి పెట్టాడు. కాగితానికి ఒకవైపు రైతు పేరు, బోరాల లెక్క, తూకం, కమీషను, హమాలీ కూలి. రెండోవైపు పెన్సిలుతో తాత రాసుకున్న ముక్క. ‘కౌతాళం ఉరుసు, చిల్లరలో’ అని ఒకదాని మీద. ‘సిరుగుప్ప సంత, ఎద్దులు అమ్మినప్పుడు’ అని ఇంకొకదాని మీద. ‘పుట్టి నడిపే ఆయన ఇచ్చినాడు, వద్దన్నా వినలా’ అని మరొకదాని మీద. కొన్నిటి మీద ఏమీ లేదు. మొదట పెట్టె తెరిచినవాళ్లు ఎవరైనా చేసే పని కాగితాలు పారేసి నాణేలు తీసుకోవడం. నాణేలు మళ్లీ ఎక్కడైనా దొరుకుతాయి, ఆ కాగితాలు దొరకవు. అందుకే ఏ పొట్లంలోంచి ఏది తీశానో రాసుకుని, ఒక్కో అంకె వేసి, ఆ తర్వాతే నాణెం వైపు చూశాను.

ఊరు చిన్నదే, పెట్టెలో రాజ్యాలు మాత్రం చాలా ఉన్నాయి. ఈ నేల కథే అట్లాంటిది. విజయనగరం దెబ్బతిన్నాక ఆదోని కోట బిజాపూరు సుల్తానులకు పోయింది. 1688లో ఔరంగజేబు సేనలు సిద్ది మసూద్ ఖాన్ నుంచి దాన్ని పట్టుకున్నాయి. తర్వాత నిజాం ఇంటివాళ్ల జాగీరైంది, బసాలత్ జంగ్ ఇక్కడినుంచే ఏలాడు. 1786లో టిప్పు సుల్తాను వచ్చిపడ్డాడు. 1800లో నిజాం ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి నుంచి విడివడి కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. తుంగభద్ర దాటితే రాయచూరు సీమ, 1948 దాకా నిజాం రాజ్యం. ఇటు దిగువకు పోతే మైసూరు రాజ్యం. మా ఊళ్లో కన్నడం, తెలుగు ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటాయి. చిల్లర కూడా అట్లాగే కలిసిపోయి తిరిగింది. నిజాం హాలీ సిక్కా రూపాయలు ఏడిస్తే ఇంగ్లీషు రూపాయలు సుమారుగా ఆరు వచ్చేవి. కౌతాళం, మంత్రాలయం దిక్కున రేవుల్లో పుట్టి ఎక్కి దిగేవాళ్లకు ఈ లెక్క నోటికి వచ్చి ఉండాలి.

గుర్తుపట్టడం మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది, బొమ్మ చూడకముందు తూకం వెయ్యండి. కంసాలి దగ్గరుండే చిన్న తక్కెడ చాలు. 1835లో కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయి తెచ్చినప్పుడు దాని బరువు 180 గ్రెయిన్లుగా నిర్ణయించింది. అంటే 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. వైద్యులూ కంసాలులూ ‘రూపాయి ఎత్తు’ అని కొలిచింది దాన్నే. అందులో పన్నెండు వంతులకు పదకొండు వంతులు వెండి. ఆ బరువుకు బాగా తగ్గిందంటే అరిగిందో, అంచు గీకారో, దొంగదో అయ్యుండాలి. తర్వాత అయస్కాంతం. వెండి అంటుకోదు. 1947లో పులిబొమ్మతో వచ్చిన నికెలు రూపాయి అంటుకుంటుంది. ఈ రెండు పరీక్షలతోనే పెట్టెలో సగం సర్దుకుంటుంది.

1957 ఏప్రిల్ 1న వచ్చిన నయా పైసలు, 1964 తర్వాత ‘నయా’ పోయిన పైసలు, బంగారంలా మెరుస్తుందని జనం దాచుకున్న తామరపువ్వు ఇరవై పైసలు, ఇవన్నీ త్వరగా తేలిపోతాయి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాల, వజ్రం గుర్తుంటే బొంబాయి, ఏ గుర్తూ లేకుంటే కలకత్తా. యుద్ధకాలంలో రాగి మిగుల్చుకోవడానికి నడుమ చిల్లు పెట్టి కొట్టిన 1943 నాటి కాణీలు తాత దగ్గర దారానికి గుచ్చి ఉన్నాయి. వాటికి పొట్లం లేదు, రాతా లేదు. అంచు అలలుగా ఉండే అణా, నలుచదరపు బేడ ఇంకా పాతవి. ఏడో ఎడ్వర్డు, ఐదో జార్జి కాలపు అణాను వెలుతురుకు పెట్టి చూస్తే నాగరి, బెంగాలీ, ఉర్దూ లిపుల పక్కనే మన అక్షరాల్లో ‘ఒక అణా’ అని కనబడుతుంది. ఇంగ్లీషు ప్రభుత్వం దేశమంతా తిప్పిన డబ్బు మీద తెలుగు ఉండేదని ఇంట్లో పిల్లలకు చూపిస్తే వాళ్లు ఆ నాణేన్ని చేతిలోంచి వదల్లేదు.

నిజాం నాణేలకు కొంచెం ఓపిక కావాలి. చార్మినారు బొమ్మ ఉంటే సగం పని అయినట్టే. దాని నడిమి ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. దానిలోంచి నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలిపితే మన లెక్కకు వస్తుంది. 1330 అని ఉంటే నలభై తీసి 622 కలపాలి, 1912. పుట్టి ఆయన వద్దన్నా వినకుండా ఇచ్చింది ఈ రకం నాణెమే. ఒడ్డున దిగాక తాత ఇవ్వాల్సిన కేవుకు మిగులు చిల్లర అయ్యుండాలి. వద్దని ఎందుకన్నాడో మాత్రం కాగితం చెప్పదు. ఇటుపక్క చెల్లదని అయ్యుండొచ్చు.

టిప్పు రాగి పైసా మీద ఏనుగు ఉంటుంది. ఆయన రాగి నాణేలకు నక్షత్రాల, గ్రహాల పేర్లు పెట్టాడు. పైసా పేరు జోహ్రా, అంటే శుక్రుడు. అర పైసా బహ్రామ్, అంటే కుజుడు. కొన్నేళ్లు ఏలాక ఆయన హిజ్రీ వదిలి మౌలూదీ శకం వాడాడు. దాని అంకెలు కుడినుంచి ఎడమకు చదవాలి. 1218 అని చదవాల్సింది మామూలు చూపుకు 8121గా కనబడుతుంది. పెట్టెలో ఉన్న ఏనుగు పైసా వెనకవైపు టంకశాల పేరు చెరిగిపోగా మిగిలిన అక్షరాలు ఫైజ్ హిసార్ అన్న పేరుకు సరిపోయాయి. అది మన గుత్తికి టిప్పు పెట్టిన పేరు. దాని పొట్లం మీద తాత రాసింది: ‘ఏనుగు. ఎక్కడిదో.’

కంపెనీవాళ్ల 20 కాసుల రాగి నాణెం కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. అప్పటికి మద్రాసు లెక్క వరహాల్లో ఉండేది. ఒక వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. ఈ చిల్లర కోసం కంపెనీ 1803లోనూ 1808లోనూ ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో రాగి నాణేలు కొట్టించి ఓడల్లో పంపింది. వాటిమీద కంపెనీ ముద్ర ఒకవైపు, ‘ఇరవై కాసులు నాలుగు ఫలూసులు’ అన్న అర్థంతో పారసీ రాత ఇంకోవైపు. 1808 నాణేలు వేసుకుని బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకమేటల మీద మునిగిపోయింది. 1980ల్లో గజ ఈతగాళ్లు దాన్ని కనుక్కుని నాణేలు పైకి తెచ్చారు. ఇప్పుడు సేకరణకర్తల దగ్గర మిలమిలలాడే 1808 నాణేలు చాలావరకు ఆ ఓడవి. అవి మన దేశం ముఖం చూడలేదు. ఒక్క చేతి నుంచి ఇంకో చేతికి మారలేదు. వాటితో ఎవరూ ఉప్పు కొనలేదు. తాత పెట్టెలోనిది ముద్రలోని సింహం తోక దాకా అరిగిపోయింది, పారసీ అక్షరాలు వేలికి తగిలితే తగిలినట్టు, లేకుంటే లేనట్టు. పట్టికల్లో దానికి అట్టడుగు శ్రేణి వేస్తారు. నాకైతే ఆ అరుగుదలే దాని సాక్ష్యం. అది ఓడ దిగింది, దత్తమండలం దాకా వచ్చింది, సంతల్లో తిరిగింది.

ఇక ఆ విక్టోరియా రూపాయి.

‘విక్టోరియా క్వీన్’ అని ఒకవైపు, 1862 అని ఇంకోవైపు. పొట్లం మీద తాత రాత: ‘మా అమ్మ దండలోది. కొక్కెం తీపిచ్చింది.’ రాణి తల మీద, సరిగ్గా కిరీటం పైన, టంకం ఊడదీసిన మచ్చ ఉంది. అది నల్లబడి గరుకుగా తగులుతుంది. పట్టికల భాషలో ఇది చెడిపోయిన నాణెం.

దీన్ని 1862లో పుట్టిందని కూడా చెప్పడానికి లేదు. 1862లో కొత్త అచ్చు వచ్చాక టంకశాలలు 1873 దాకా రూపాయల మీద అదే సంవత్సరం వేస్తూ పోయాయి. బొంబాయివైతే ఏ ఏడాది కొట్టారో తెలుసుకోవడానికి వెనకవైపు పూలచుట్టులో పెట్టిన చుక్కలు లెక్కపెట్టుకోవాలి. 1874 నుంచి మాత్రమే నిజమైన సంవత్సరం వెయ్యసాగారు. 1877 నుంచి రాణి కాస్తా ‘ఎంప్రెస్’ అయింది. దీని చుక్కలు టంకం వేడికి కరిగి కలిసిపోయాయి.

ఆ సంవత్సరాల పక్కన మా వైపు ఇంకో సంవత్సరం ఉంది. 1876, ధాత. ధాత కరువు పేరెత్తితే మా ముసలివాళ్ల గొంతు ఇప్పటికీ మారుతుంది, వాళ్లకు అది తాతల ముత్తాతల నోటి నుంచి వచ్చిన మాటే అయినా. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య బళ్లారి జిల్లాలో జనం దాదాపు ఐదో వంతు తగ్గిపోయారు. ఆదోని, ఆలూరు అందులోవే. కరువు నడిచిన ఆ రెండేళ్లలో ఇళ్లల్లోని వెండి అంతా గింజలకోసం పోయింది. మెడలోవి, కాళ్లవి, చేతులవి అన్నీ కొలిమిలోకి వెళ్లాయి. అటువంటి చోట కరువుకు ముందు కొట్టిన రూపాయి ఒక రైతు ఇంట్లో ఉందంటే రెండే దారులు. అయితే అది కరువును ఆ ఇంట్లోనే దాటింది, ఎవరో ఆకలికి కూడా దాన్ని బయటపెట్టలేదు. లేకుంటే కరువు తగ్గాక, కొత్త పంట డబ్బుతో, మరెవరి ఇంటినుంచో పోయిన వెండి ఈ ఇంటికి వచ్చి చేరింది. ఒకటి మొండితనపు కథ, రెండోది వేరొకరి నష్టం మీద మొలిచిన మన సంపద కథ. ఈ రెండిట్లో ఏది మాదో రాణి ముఖం చెప్పదు. నేను చాలా పుస్తకాలు తిరగేశాను. ఎడ్గర్ థర్‌స్టన్ 1890లో మద్రాసు మ్యూజియం నాణేల మీద రాసిన గ్రంథం నుంచి కొత్తగా వచ్చిన రంగుల పట్టికల దాకా దేంట్లోనూ దీనికి జవాబు ఉండే వీలు లేదు.

కొక్కెం సంగతి మాత్రం చిన్నాయనకు తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వానికి వెండి కరువైంది. 1940లో రూపాయిలో వెండిని సగానికి దించారు. 1941 నుంచి 1943 దాకా విక్టోరియావి, ఎడ్వర్డువి, జార్జివి వరసగా పాత వెండి రూపాయలన్నిటినీ చెలామణీ నుంచి తీసేశారు. రాణి రూపాయలు ఇక చెల్లవన్న మాట ఊళ్లోకి వచ్చినప్పుడు తాత వాళ్లమ్మ దండ తెంపింది. కొక్కెం ఉంటే ఖజానాలో పుచ్చుకోరని ఎవరో చెప్పారట. కంసాలిని పిలిపించి ఒక్కొక్కటికీ కొక్కెం తీయించింది. తీయించి, ఇచ్చి రమ్మని మొగుడి చేతిలో పెడుతూ ఒకటి వెనక్కి తీసుకుంది. ‘అన్నీ పోతే మెడ ఒప్పుకోదు లేబ్బా’ అన్నదట. ఇది చిన్నాయన నోట నేను విన్న మాట, ఆయనేమో మా తాత నోట విన్నది. తాత కాగితం మీద రాసుకున్నవి నాలుగు మాటలే, మిగతాదంతా గాలిలో ఉంది. చిన్నాయనను కూర్చోబెట్టి అడిగి రాసుకోకుంటే అది కూడా పోయేది.

నా మాట ఇది: వారసత్వంగా నాణేలు వచ్చినవాళ్లు పట్టికల దగ్గరికి పోకముందు ఇంట్లో అందరికన్నా పెద్దమనిషి దగ్గరికి పోవాలి. పట్టిక పదేళ్లయినా ఉంటుంది. ఒక్కో నాణెం ఆ మనిషి అరచేతిలో పెట్టాలి. ఫొటో చూపిస్తే మాట రాదు, బరువు తగిలితే వస్తుంది. చిన్నాయనకు చూపు ఆనదు. ఆ రూపాయి చేతిలో పెట్టగానే బొటనవేలు నేరుగా టంకం మచ్చ మీదికి పోయింది.

ఇంట్లో ఒక తగవు శుభ్రం చెయ్యడం దగ్గర వచ్చింది. నాణేలు తెలిసినవాళ్లెవరిని అడిగినా మొదటి మాట తోమవద్దనే చెబుతారు. రాగి మీద నిదానంగా పట్టిన గోధుమరంగు పొర దానికి కాపు. చింతపండో నిమ్మకాయో పెట్టి రుద్దితే ఆ కాపు పోయి లోపలి లోహం తేలుతుంది, అక్షరాల అంచులు కరుగుతాయి, ధరలో పెద్ద భాగం పోతుంది. ఇదంతా నిజం. అవ్వకు ఇది చెబితే ఆమె నా మొహం చూసి, ‘లచ్చిందేవిని మురికితో కూచోబెడతావా?’ అంది. మండీల ఊళ్లో దీపావళి అమావాస్యకు లక్ష్మీపూజ, కొత్త లెక్కల పుస్తకాలకు పసుపు కుంకుమలు. ఆ పళ్లెంలో పెట్టే వెండి రూపాయలు ప్రతి ఏడూ చింతపండుతో తోమినవే. ఐదో జార్జి గడ్డం ఇప్పుడు గడ్డంలా లేదు. రాగివి, పాతవి అన్నీ తోమకుండా అట్లాగే ఉంచాలన్నాను, అవ్వ సరేనంది. పూజ రూపాయల జోలికి నేను పోలేదు, పోను. అవి నాణేలుగా తమ పని ముగించుకుని దేవుడి సామాను అయ్యాయి. ఏటా తోమబడటం ఆ ఇంట్లో వాటి బతుకు. వాటిని అవ్వ చేతిలోంచి తీసి ప్లాస్టిక్ ఉరల్లో పెట్టి కాపాడానని చెప్పుకోవడంలో నాకు మర్యాద కనబడలేదు.

పెట్టెలో హనుమంతుడి బొమ్మతో ఒక రాగి బిళ్ల ఉంది. వెనకవైపు ఈస్టిండియా కంపెనీ, సగం అణా, 1818. కాగితం మీద ‘దేవరగట్టు జాతర’ అని ఉంది. ఇది కంపెనీ కొట్టిందీ కాదు, 1818 నాటిదీ కాదు. హనుమంతుడు, రాముడి పట్టాభిషేకం, తామరపువ్వు, వినాయకుడు, ఇట్లాంటి బొమ్మలకు 1616, 1717, 1818 అని నోటికొచ్చిన సంవత్సరాలు వేసి తయారుచేసిన బిళ్లలు దేశమంతా గుళ్ల ముందర, తిరునాళ్లలో అమ్మారు, ఇప్పటికీ అమ్ముతున్నారు. 1616లో కంపెనీకి ఇక్కడ అణాలు కొట్టే అధికారమే లేదు. తాత దాన్ని మాల మల్లేశ్వరుడి కొండ కింద ఏ అంగట్లోనో ఇష్టపడి కొనుక్కున్నాడు, అంతే. దాన్ని తీసి పక్కన పడెయ్యాలని నాకనిపించలేదు. పుట్టుక అబద్ధమైనా అది మా ఇంటికి వచ్చిన దారి నిజం.

కోపం వచ్చేది ఆ బిళ్ల మీద కాదు, దాని చుట్టూ అల్లిన మోసాల మీద. ఇట్లాంటి నాణెం బియ్యాన్ని లాగుతుందని, అందులో ఇరీడియం ఉందని, విదేశాల్లో కోట్లు ఇస్తారని చెప్పి ‘రైస్ పుల్లింగ్’ పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎంతోమందిని ముంచారు. పరీక్షకని, పూజకని, పెట్టుబడికని మొదట మన దగ్గరే డబ్బు తీసుకుంటారు. పొలం అమ్మినవాళ్లున్నారు. రాగి బియ్యాన్ని లాగదు. ఏ లోహమూ బియ్యాన్ని లాగదు. లాగినట్టు కనబడితే ఆ గింజలకు ఇనుపరజను పట్టించారని అర్థం. పాత నాణెం ఇంట్లో ఉన్నవాళ్లు దీన్ని తమ పిల్లలకు చెప్పిపెట్టుకోవాలి.

ఒక నాణెం ఎక్కడ దొరికిందన్న సంగతికి ఎంత విలువో చరిత్ర రాసేవాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. కరీంనగర్ వైపు గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరుంది. అక్కడి పాటిమన్నులో వానలకు తేలిన చిన్న చిన్న సీసపు, రాగి బిళ్లలను ఊరివాళ్లు ఏరి దాచారు. శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివినప్పుడు బ్రాహ్మీలో చిముక సాతవాహనుడి పేరు బయటపడింది. పురాణాలు సాతవాహన వంశానికి మూలపురుషుడిగా చెప్పిన రాజు అతడే. గోబద, నారన, కంవాయ, సమగోప అని వాళ్లకన్నా ముందు ఏలినవాళ్ల పేర్లు కూడా అక్కడి నాణేల మీదే దొరికాయి. ఆ రాజుల గురించి మనకు ఉన్న ఆధారం దాదాపుగా ఆ బిళ్లలే. అవే బిళ్లలు ఎక్కడివో తెలియకుండా ఏ నగరపు అంగడికో చేరి ఉంటే, చదవగలిగిన పేర్లు మిగిలేవేమో, అవి తెలంగాణ నేల మీద సాతవాహనుల తొలి అడుగులు అని చెప్పే బలం పోయేది. ఊరివాళ్లు ఏరిన చోటు గుర్తుపెట్టుకోబట్టే అది చరిత్ర అయింది. తాత పెన్సిలుతో ‘సిరుగుప్ప సంత’ అని రాసినప్పుడు చేసింది అదే పని, ఇంటిమట్టుకు.

మా వైపు కూడా నేల ఊరికే ఉండదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో జనం వంగి వజ్రాలు వెతుకుతారు. పాత ఊరి దిబ్బల్లో రాగి బిళ్లలూ తేలుతాయి. శంఖచక్రాలు, నంది, ‘ప్రతాప దేవరాయ’ అన్న నాగరి అక్షరాలు ఉన్న చిన్న మందపాటి బిళ్ల అయితే విజయనగరం నాటిది. 1443లో ఆ నగరం చూసిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ వరహా, ప్రతాప, ఫణం, తార, జీతల్ అని అక్కడి నాణేలన్నిటి పేర్లూ రాసిపెట్టాడు. ఇటువంటివి నేలలో దొరికితే మాత్రం దాచుకోకూడదు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది, పది రూపాయల విలువ దాటిన దేన్నైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. తండ్రి తాతల నుంచి వచ్చిన చెలామణీ నాణేల సంగతి వేరు, అవి మనవే. కాకపోతే వందేళ్లు దాటినవి 1972 చట్టం కింద పురావస్తువులు. వాటిని సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. విదేశంలో ఉన్న మా అత్త కొడుకు తన వాటా ఏనుగు పైసా అడిగినప్పుడు ఈ మాట చెప్పాల్సి వచ్చింది. అతను నొచ్చుకోలేదు. కాగితం ఫొటో పంపమన్నాడు, ‘ఏనుగు. ఎక్కడిదో’ అన్నది.

పంపకం అడిగినవాళ్లది తప్పు కాదు. తాత అందరికీ తాతే. విడదీస్తే సేకరణ చెడుతుందని నాణేలవాళ్లు అంటారు. మా పెట్టె ఎవరూ పూర్తిచెయ్యాలనుకున్న సేకరణ కాదు కాబట్టి ఆ భయం నాకు లేదు. ఎవరికి ఏది ఇచ్చినా దాని తక్‌పట్టీ దానితోనే వెళ్లాలన్నది ఒక్కటే షరతు. అన్నిటి రాతలూ, చిన్నాయన చెప్పినవీ కలిపి ఒక నోటుబుక్కులో ఎక్కించి అందరికీ నకలు ఇచ్చాను. విక్టోరియా రూపాయి చిన్నాయన దగ్గరే ఉంది.

ఇంత చేసినా పెట్టెలో లేనిదొకటి నన్ను తొలుస్తూనే ఉంది. ఆదోని పేరుతోనే ఒకప్పుడు నాణేలు వచ్చాయి. మొగలులు కోట పట్టుకున్నాక ఊరికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టి ఇక్కడ టంకశాల నడిపారు. ఫరూఖ్‌సియర్ పేరుతో ఇక్కడ కొట్టిన బంగారు వరహాలు గోళీకన్నా చిన్నవి, రెండువైపులా పారసీ రాత, బొమ్మలేమీ ఉండవు. ఉత్తరాది పాదుషా తన మొహరీ వదిలి దక్షిణాది వరహా తూకానికి దిగివచ్చాడంటే, ఇక్కడి సంతల్లో వరహాకు ఉన్న పలుకుబడి అది. మ్యూజియాల్లో, వేలం పట్టికల్లో అవి ఉన్నాయి. కొట్టిన ఊళ్లో అవి ఉన్నాయా? బంగారం కాబట్టి చాలావరకు కరిగి గొలుసుల్లో కలిసిపోయి ఉంటాయి. అయినా ఆదోని కోట కింది పాత ఇళ్లల్లో, ఎమ్మిగనూరు నేతగాళ్ల పెట్టెల్లో, ఏదో ఒక పెళ్లినాటి కాసులపేరులో ఒకటి మిగిలి ఉంటుందనే నా నమ్మకం. బొమ్మ లేని చిన్న బంగారు బిళ్ల మీద ఉర్దూలాంటి రాత కనబడితే కంసాలి దగ్గరికి తీసుకుపోకండి. తూకం వేసి, రెండువైపులా ఫొటో తీసి, అది ఎవరి మెడలోదో, ఏ ఊరినుంచి కోడలితో వచ్చిందో ఇంట్లో ముసలమ్మను ఈ వారమే అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు ఒక చీటీ మీద రాసి దాంతోపాటే పెట్టండి. తర్వాత దాన్ని చదవడానికి నేను వస్తాను.